ఇరుసుల లెక్క, టైర్ల లెక్క: మన లారీల పేర్ల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. కోటల గురించీ శాసనాల గురించీ రాయగల పెద్దలు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. రవాణా శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యేదాకా బండ్ల రిజిస్టర్లు రాసిన నాబోటివాడు లారీల గురించి రాయడమే న్యాయమనిపించింది. లారీకి చరిత్రేమిటని నవ్వుకోకండి. ఏ బండికి ఏ పేరు పెట్టారు, ఆ పేరు కాగితంమీద ఎలా ఎక్కింది అన్నదానిమీద పన్ను, పర్మిట్టు, బీమా, ఒక్కొక్కప్పుడు ఒక కుటుంబం నోటిముందరి కూడు కూడా ఆధారపడి ఉంటాయి. ఆ సంగతి ముందుముందు చెబుతాను.

ఒకే లారీకి మన దేశంలో మూడు లెక్కలున్నాయి. డ్రైవరు టైర్లు లెక్కపెడతాడు. చట్టం ఇరుసులు లెక్కపెడుతుంది. కంపెనీవాడు టన్నులూ హార్స్‌పవరూ లెక్కపెట్టి నంబరు వేస్తాడు. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు. మా ఆఫీసుల్లో సగం తగవులు ఇక్కడినుంచి పుట్టినవే.

ముందు కంపెనీ లెక్క చూద్దాం. 1954లో టెల్కోవారు, అంటే ఇప్పటి టాటా మోటార్స్‌వారు, జర్మనీ దైమ్లర్-బెంజ్ కంపెనీతో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969తో ముగిసింది. ముక్కుమీది నక్షత్రం గుర్తు పోయి టాటా గుర్తు వచ్చింది. అయినా మన పల్లెల్లో చాలాకాలం "బెంజి లారీ" అన్నమాట పోలేదు. జర్మనీవాడు వెళ్ళిపోతూ తన అక్షరాలు కొన్ని వదిలి వెళ్ళాడు. మోడల్ పేరులో ఎల్.పి.కె. అని ఉంటే చివరి కె అక్షరం కిప్పర్, అంటే జర్మన్‌లో టిప్పరు. ఎల్.పి.ఎస్. అని ఉంటే చివరి ఎస్ అక్షరం వెనక సెమీ ట్రైలరు తగిలించుకునే బండి అని గుర్తు. నంబర్లలో మొదటి రెండంకెలు మొత్తం బరువు టన్నుల్లో, చివరి రెండంకెలు హార్స్‌పవరులో పదోవంతు. 1210 అంటే పన్నెండు టన్నులు, వంద హార్స్‌పవరు. 1613 అంటే పదహారు, నూట ముప్పై. 2515, 4018 అన్నీ ఇదే వరస. "ఫోర్ నాట్ సెవెన్" అని మనం పిలిచే చిన్న లారీ కూడా ఈ పద్ధతిలో పుట్టినదే: నాలుగు టన్నులు, డెబ్భై హార్స్‌పవరు. బరువు లెక్కలు తరువాత అటూ ఇటూ అయినా పేరు నిలిచింది. కౌంటరులో నంబరు చూడగానే బండి తాహతు తెలిసిపోయేది. ఇంత సుఖమైన పేరు పెట్టే పద్ధతి నేను మరి చూడలేదు.

లేలాండువారిది వేరే దారి. 1948లో అశోక్ మోటార్స్‌గా మద్రాసు దగ్గర ఎన్నూరులో మొదలై, 1955లో అశోక్ లేలాండ్ అయిన ఆ కంపెనీ బండ్లకు జంతువుల పేర్లూ, చుక్కల పేర్లూ పెట్టింది. కామెట్, బీవర్, హిప్పో, టారస్. వీటిలో టారస్ అనే పేరు మన తెలుగుదేశంలో విచిత్రంగా స్థిరపడింది. వెనక రెండు ఇరుసులు, మొత్తం పది టైర్లు ఉన్న బండి ఏ కంపెనీదైనా "టారస్ లారీ"యే. టాటా 2515 తెచ్చి రిజిస్ట్రేషనుకు పెట్టి, దరఖాస్తులో బండి రకం అన్నచోట "టారస్" అని రాసినవారిని నేను ఎంతోమందిని చూశాను.

ఇంతకంటె విచిత్రం మన హైదరాబాదు "డీసీఎం". 1980లలో కేంద్రప్రభుత్వం జపాను కంపెనీలతో కలిసి తేలికపాటి లారీలు తయారుచేయడానికి అనుమతులిచ్చింది. డీసీఎంవారు టొయోటాతో, స్వరాజ్‌వారు మజ్డాతో, ఐషర్‌వారు మిత్సుబిషితో, మన హైదరాబాద్ ఆల్విన్‌వారు నిస్సాన్‌తో చేతులు కలిపారు. డీసీఎం టొయోటా ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో తయారైన బండి. అది 1990ల మధ్యలో డేవూ చేతికి పోయి, ఆ తరువాత మూతబడింది. ఆ కంపెనీ లేదు, ఆ బండీ లేదు. కానీ ఈనాటికీ జంటనగరాల్లో మధ్యరకం లారీ ఏది కనిపించినా "డీసీఎం" అనే అంటాం. పత్రికల్లో ప్రమాదవార్త రాసేటప్పుడు కూడా "డీసీఎం వాహనం" అనే రాస్తారు. ఐషర్ బండి ఎదురుగా నిలబెట్టుకుని "డీసీఎం మాట్లాడుకొచ్చాను" అంటాడు ఇల్లు మారేవాడు. మరి మన సొంత ఆల్విన్ నిస్సాన్? జహీరాబాదులో ఫ్యాక్టరీ పెట్టి, క్యాబ్‌స్టార్ అనే బండి చేశారు. 1980ల చివరలో మహీంద్రావారు దాన్ని తీసుకున్నారు. ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తున్నది, వేలమందికి అన్నం పెడుతున్నది. పేరు మాత్రం జనం నాలుకమీద నిలవలేదు. ఎక్కడో యు.పి.లో పుట్టి చచ్చిపోయిన కంపెనీ పేరు నిలిచింది, మన గడ్డమీద పుట్టినది నిలవలేదు. ఇందుకు కారణం చెప్పడం నావల్ల కాదు, పలకడానికి మూడక్షరాలే కావడం ఒకటేమో.

పేర్ల తికమక ప్రాంతాన్నిబట్టి కూడా ఉంటుంది. కృష్ణా, గోదావరి జిల్లాల రైతు "ట్రక్కు" అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. అదే మాట హైదరాబాదులో, ఉత్తరాదిలో పెద్ద లారీ. ఆ తొట్టినే తెలంగాణ రైతు "ట్రాలీ" అంటాడు. పట్నంలో ట్రాలీ అంటే వెనక సామాను వేసుకునే ఆటో. బదిలీల్లో కోస్తానుంచి వచ్చిన ఉద్యోగి ఒకాయన మొదటివారంలోనే "ట్రక్కు రిజిస్ట్రేషను" అని ఒకరు అడిగితే ట్రైలరు ఫారాలు ఇచ్చి పంపించాడు, వచ్చినవాడు తిరిగొచ్చి పెద్ద రభస చేశాడు.

ఇక చట్టం లెక్కకు వద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చి, 1989 జూలై ఒకటినుంచి అమలైంది. అంతకుముందు ఉన్నది 1939 నాటి చట్టం. కొత్త చట్టం రెండో సెక్షనులో ట్రైలరు వేరు, సెమీ ట్రైలరు వేరు. ఈ తేడా చదువుకున్నవారికే అర్థంకాదు గనుక నేను ఎద్దుబండితో చెప్పేవాణ్ణి. ఎద్దుబండి బరువులో కొంత ఇరుసుమీద పడుతుంది, కొంత కాడిమీదుగా ఎద్దుల మెడమీద పడుతుంది. సెమీ ట్రైలరు అచ్చంగా అంతే. దానికి వెనకే చక్రాలుంటాయి, ముందుభాగం లాగే బండి వీపుమీద ఎక్కి కూర్చుంటుంది. కూర్చునే ఆ ఉక్కు పళ్ళేన్ని "ఫిఫ్త్ వీల్" అంటారు, అందులో దిగే సీలను "కింగ్ పిన్" అంటారు. ట్రైలరు అలా కాదు. దాని బరువంతా దాని చక్రాలే మోసుకుంటాయి, ముందున్న బండి కేవలం తాడు కట్టి లాగినట్టు లాగుతుంది. సెమీ ట్రైలరు తగిలించుకున్న బండికి చట్టం "ఆర్టిక్యులేటెడ్ వెహికిల్" అని పేరు పెట్టింది. డ్రైవర్లు ముందుభాగాన్ని "హార్స్" అనీ, "పుల్లర్" అనీ అంటారు, మొత్తం కలిపి "ట్రైలర్" అనేస్తారు. ట్రైలరుకు దాని నంబరు దానికి వేరే ఉంటుంది. 61వ సెక్షనులో ఇంకొక ముచ్చట ఉంది. లాగే బండి నంబరును ట్రైలరుమీద, ఒకటికంటె ఎక్కువ ఉంటే వరసలో ఆఖరి ట్రైలరుమీద కనిపించేలా రాయాలని. ఆ వరసకు చట్టం వాడిన ఆంగ్లపదం "ట్రైన్". ఒకదాని వెనక ఒకటి ట్రైలర్లు కట్టే రోడ్డురైలు మన దేశానికి కొత్తగా వచ్చిందని ఈమధ్య అందరూ అంటున్నారు గాని, మాట చట్టంలో ఎప్పటినుంచో పడుకునే ఉంది.

పై తేడా కాగితంమీది తేడా మాత్రమే కాదని నాకు తెలిసినది 1990ల నడుమ. నేను అప్పుడు ఒక జిల్లా ఆఫీసుకు బదిలీమీద వెళ్ళాను. ఒక ట్రైలరు బండి డ్రైవరు ప్రమాదంలో చనిపోయాడు. భార్యకు పాతికేళ్ళు ఉంటాయేమో. చంకలో పిల్లతో ప్రతి సోమవారం కౌంటరు దగ్గరికి వచ్చేది. బీమా కంపెనీ పరిహారం ఇవ్వనంటున్నది. కారణం ఏమిటంటే, పాలసీలో ఆర్టిక్యులేటెడ్ వెహికిల్ అని ఉంది, మన రిజిస్టరులో వెనకభాగాన్ని ఎవరో అంతకు నాలుగేళ్ళ క్రితం "ట్రైలర్" అని ఎక్కించారు. సెమీ అన్న రెండక్షరాలు లేవు. కాబట్టి ప్రమాదానికి గురైన బండీ పాలసీలోని బండీ ఒకటి కావనీ, ఆ ట్రైలరుకు విడిగా బీమా లేదనీ వాళ్ళ వాదన. యజమాని చేతులు దులుపుకున్నాడు. ఆమె దగ్గర ఉన్నది ఒక జిరాక్సు కాగితం.

పాత దస్త్రాల గదిలో మూడురోజులు వెతికితే ఫారం 21, అంటే అమ్మకపు సర్టిఫికెట్టు, ఫారం 22, అంటే తయారీదారు ఇచ్చిన ధ్రువపత్రం, దొరికాయి. రెండింటిలోనూ సెమీ ట్రైలరని స్పష్టంగా ఉంది. నోట్ ఫైలు రాసి పెట్టాను. అది బల్లలు దాటి, మళ్ళీ వెనక్కివచ్చి, బండిని చూపించమన్నారు. బండి అప్పటికి తుక్కయి పోలీసుస్టేషను ఆవరణలో పడి ఉంది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగారొకరు పుణ్యాత్ముడు, స్వయంగా అక్కడికి వెళ్ళి కింగ్ పిన్ ఉన్నదని రాసి ఇచ్చారు. సవరణ కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆమెకు డబ్బు వచ్చిందని మరికొంత కాలానికి తెలిసింది. ఎంత వచ్చిందో నేను అడగలేదు. ఆ పద్నాలుగు నెలలు ఆమె ఏం తిన్నదో కూడా ఏ ఫైలులోనూ లేదు.

ఇలాంటి మాటల తగవులు పెద్ద కోర్టులదాకా వెళ్ళాయి. ట్రాక్టరు నడపడానికి లైసెన్సు ఉన్నవాడు వెనక ట్రైలరు తగిలిస్తే ఆ లైసెన్సు చెల్లదా అన్న ప్రశ్న కర్ణాటకనుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ట్రైలరు తగిలించినంతమాత్రాన లైసెన్సు చెల్లకుండా పోదని 2001లో తీర్పు వచ్చింది. 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చునని 2017లో ముగ్గురు న్యాయమూర్తులు చెప్పినదాన్ని, 2024 నవంబరులో అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. అంతవరకూ ఎన్ని కుటుంబాల క్లెయిములు ఈ ఒక్క వాదనమీద ఆగిపోయాయో!

బరువుల సంగతి చెప్పకుండా ఇరుసుల సంగతి పూర్తికాదు. 1996 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషను మా టేబులుమీద అద్దంకింద పెట్టుకుని పనిచేశాం. ముందు ఇరుసుకు 6 టన్నులు. వెనక నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులు. ఎనిమిది టైర్ల జంట ఇరుసుకు 19 టన్నులు. పన్నెండు టైర్ల మూడిరుసుల గుంపుకు 24. ఇక కూడుకోవడమే. ఆరు టైర్ల లారీకి 16.2 టన్నులు, పది టైర్ల లారీకి 25. రెండిరుసుల హార్సుకు జంట ఇరుసుల సెమీ ట్రైలరు తగిలిస్తే 35.2. ఇందులో ఒక కిటుకు ఉంది. రెండిరుసుల హార్సు వెనక మూడిరుసుల ట్రైలరు కడితే రెండూ, నాలుగూ, పన్నెండూ కలిసి పద్దెనిమిది టైర్లు, 40.2 టన్నులు. మూడిరుసుల హార్సు వెనక రెండిరుసుల ట్రైలరు కడితే రెండూ, ఎనిమిదీ, ఎనిమిదీ కలిసి మళ్ళీ పద్దెనిమిది టైర్లే, కాని 44 టన్నులు! డ్రైవరు భాషలో రెండూ "పద్దెనిమిది టైర్ల బండ్లే". చెక్‌పోస్టులో ఈ నాలుగు టన్నుల తేడామీద జరిగిన వాదోపవాదాలు రాస్తే ఒక గ్రంథమవుతుంది. మూడిరుసుల హార్సుకు మూడిరుసుల ట్రైలరు కట్టిన ఇరవై రెండు టైర్ల బండికి తరువాత 49 టన్నులదాకా ఒప్పుకున్నారు.

2018 జూలైలో ఈ అంకెలు పెంచారు. 16.2 కాస్తా 18.5 అయింది, 25 కాస్తా 28.5, అయిదిరుసుల లారీకి 37నుంచి 43.5, ఇరవై రెండు టైర్ల బండికి 49నుంచి 55. ఎలాగూ ఎక్కువ వేస్తున్నారు, దాన్నే చట్టబద్ధం చేస్తే పోతుందన్న ఆలోచన కొంత ఉన్నదనే నేననుకుంటాను. అంతకుముందు కొన్ని రాష్ట్రాలు కార్డులు అమ్మి అదనపు బరువుకు అనుమతులిస్తుంటే, సుప్రీంకోర్టు 2005 నవంబరులో ఆ పద్ధతి చెల్లదన్నది. జరిమానా కూడా 2019 సవరణతో కేంద్ర చట్టంలో రెండువేలనుంచి ఇరవైవేలకు, టన్నుకు అదనంగా వెయ్యినుంచి రెండువేలకు పెరిగింది.

బరువు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, దీని వెనక ఒక పరీక్ష ఉంది. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో 1958నుంచి 1960దాకా ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటిమీద లారీలు రాత్రింబవళ్ళు తిప్పి చూశారు. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసుమీది బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. అంటే 10.2 టన్నులు మోయవలసిన ఇరుసుమీద 15 టన్నులు వేస్తే, బరువు సగమే పెరిగినా రోడ్డు నష్టం నాలుగున్నర రెట్లు దాటుతుంది. ఇసుక లారీ వెళ్ళిన ఊరి రోడ్డు రెండేళ్ళలో ఎందుకు గుంతలవుతుందో కాంట్రాక్టరును తిట్టేముందు ఈ లెక్క కూడా చూడాలి. కాంట్రాక్టరును తిట్టవద్దని నా ఉద్దేశం కాదు.

ఈ లెక్కకు మన హైదరాబాదులో అందరూ కళ్ళారా చూసిన ఉదాహరణ ఒకటి ఉంది. హుస్సేన్‌సాగర్ బుద్ధవిగ్రహం. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా తలపెట్టిన పని. అప్పటి నల్లగొండ జిల్లా రాయగిరి దగ్గర ఒకే తెల్ల గ్రానైటు రాతినుంచి గణపతి స్థపతిగారి ఆధ్వర్యంలో చెక్కారు. ఎత్తు 58 అడుగులు, బరువు సుమారు 350 టన్నులు. దాన్ని 1988 నవంబరులో 192 చక్రాల వాహనంమీద నగరానికి తెచ్చారు. ఆ దారిపొడవునా జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. కొబ్బరికాయలు కొట్టినవాళ్ళు కొట్టారు, టైర్లు లెక్కపెట్టినవాళ్ళు లెక్కపెట్టారు.

ఇటువంటి బండ్లను హైడ్రాలిక్ ట్రైలర్లంటారు. ఒక వరసలో ఎనిమిదేసి టైర్లుంటాయి. వరసలన్నీ నూనె ఒత్తిడితో ఒకదానికొకటి కలిసి ఉండి, గుంత వచ్చినచోట ఒక చక్రం దిగినా బరువు అన్నిటిమీదా సమంగా పంచుకుంటుంది. వరసకు ఎనిమిది చొప్పున 192 చక్రాలంటే ఇరవైనాలుగు వరసలు. 350 టన్నులను 192తో భాగించి చూడండి. చక్రానికి రెండు టన్నులు కూడా రాదు. ట్రైలరు సొంత బరువు కలుపుకున్నా అంత పెద్దగా పెరగదు. అదే ఆ రోజుల్లో మామూలు ఆరు టైర్ల లారీ, చట్టానికి లోబడి వెళ్ళినా, వెనక టైరుకు రెండున్నర టన్నులు మోసేది. అంటే రోడ్డు మట్టుకు బుద్ధభగవానుడు ఇసుక లారీకంటె తేలికగా నడిచివచ్చాడన్నమాట. రోడ్డుమీద క్షేమంగా వచ్చిన విగ్రహానికి ఆపద నీటిమీద వచ్చింది. 1990 మార్చి పదిన దోనెమీద తీసుకువెళుతుండగా జారి సాగరంలో పడింది. పనివారు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు ఒకటిన పీఠంమీద నిలబెట్టారు. ఈనాడు విగ్రహం దగ్గర ఫోటోలు దిగే పిల్లలకు ఈ కథ తెలియదు.

ఖైరతాబాదు వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకువెళ్ళే బండి గురించి కూడా ఏటా పత్రికల్లో టైర్ల లెక్కతోనే రాస్తారు. ఇరవై ఆరు టైర్ల ట్రాలీ అని. భగవంతుడు ఎక్కినా మనవాళ్ళకు టైర్ల లెక్కే ముఖ్యం.

ఇక మా పక్క సంగతి. నేను ఉండేది కొండాపూర్. మాదాపూర్ దారంతా రాళ్ళగుట్టలుగా ఉన్న రోజులు మన సభ్యులకు గుర్తుండే ఉంటాయి. 1998 నవంబరు 22న వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2003లో సైబరాబాదు పోలీస్ కమిషనరేటు ఏర్పడింది. హైటెక్ సిటీ అనగానే అందరూ కంప్యూటర్ల మాటే ఎత్తుతారు గాని, ఈ ఊరు కట్టింది లారీలే. మొదట రాళ్ళు పగలగొట్టి మోసిన ఆరు టైర్ల టిప్పర్లు. తరువాత పది టైర్ల టిప్పర్లు. ఆ తరువాత పొట్ట తిప్పుకుంటూ వచ్చిన కాంక్రీటు మిక్సర్లు, వాటి వెనక పన్నెండు టైర్లవి. మెట్రో పని జరిగినప్పుడు ఉప్పల్‌లో, కుత్బుల్లాపూర్‌లో పోతపోసిన వంతెన ముక్కలను రాత్రిళ్ళు ట్రైలర్లమీద తెచ్చేవారు. అమీర్‌పేటనుంచి హైటెక్ సిటీకి మెట్రో 2019 మార్చి 20న మొదలైంది. అద్దాల మేడలో కూర్చునేవారికి ఈ బండ్లు కనిపించవు, అవి వచ్చేది వీళ్ళు నిద్రపోయాక.

అసలు ఈ పక్కకు పెద్ద బండ్లు కొత్తకాదు. 1960లలో రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, ఇప్పటి బి.హెచ్.ఇ.ఎల్., వచ్చినప్పటినుంచి టర్బైన్లు, కంప్రెసర్లు ఇటునుంచే దేశమంతా వెళ్ళాయి. వీటిని "ఓ.డి.సి." అంటారు, మామూలు కొలతలు మించిన సరుకు. ముందు ఎర్రజెండా పట్టుకున్న మనిషి, వెనక జీపు, మధ్యలో గంటకు మనిషి నడిచినంత వేగంతో బండి. ప్రతి వంతెనకూ అనుమతి, ప్రతి కరెంటు తీగనూ కర్రతో ఎత్తిపట్టేందుకు ఒకడు. ఆ కర్ర పట్టేవాడి ఉద్యోగానికి ఏ స్కేలూ, ఏ పేరూ లేదు.

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక వీటికి దారి సుఖమైంది. గచ్చిబౌలినుంచి శంషాబాదుకు మొదటి భాగం 2008లో తెరిచారు, 158 కిలోమీటర్ల చక్రం 2018లో పూర్తయింది. టోలు గేటు దగ్గర మళ్ళీ ఇరుసుల లెక్కే. జాతీయ రహదార్ల 2008 నిబంధనల ప్రకారం ఏడూ అంతకుమించి ఇరుసులున్న బండి "ఓవర్‌సైజ్డ్" అనే చివరి తరగతి. ఖాళీగా పోయేటప్పుడు ఒక ఇరుసును పైకెత్తుకునే "లిఫ్ట్ యాక్సిల్" బండ్లు వచ్చాక గాలిలో వేలాడే ఇరుసును లెక్కించాలా వద్దా అని గేట్లదగ్గర తగవులు. మా కాలంలో ఈ బాధ లేదు, ఇరుసు ఉంటే నేలమీదే ఉండేది.

ఇప్పుడు రోడ్డురైలు మాట. ఇది కూడా మన దేశానికి కొత్తకాదని చెప్పాను గదా. 1870ల తొలి ఏళ్ళలోనే క్రాంప్టన్ అనే ఆంగ్ల సైనికాధికారి పంజాబులో గ్రాండ్ ట్రంక్ రోడ్డుమీద ఆవిరియంత్రాలతో బండ్ల వరసలు లాగించాడు. థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు రూపొందించిన, రబ్బరు తొడుగు చక్రాల యంత్రాలవి. వాటికి చీనాబ్, రావి అని మన నదుల పేర్లు పెట్టారు. దానికి ప్రభుత్వ ఆవిరి రైలని పేరు. పట్టాలు లేని రైలు! ఆ తరువాత 1903లో ఫ్రాన్సులో రెనార్ అనే కల్నల్ ముందున్న యంత్రంనుంచి వెనక ప్రతి బండికీ ఇరుసుద్వారా శక్తి పంపే రోడ్డురైలు చేసి చూపించాడు.

నిలబెట్టినది మాత్రం ఆస్ట్రేలియావాళ్ళు. రైలు పట్టాలు లేని ఎడారిలో 1934లో ప్రభుత్వమే ఒక రోడ్డురైలు తెప్పించి నడిపింది. ఈరోజు అక్కడ మూడు ట్రైలర్ల బండి 53.5 మీటర్ల పొడవుంటుంది. మన క్రికెట్ పిచ్‌లు రెండూ, మరో సగమూ కలిపినంత. వాళ్ళు పేర్లు పెట్టిన తీరు నాకు నచ్చింది. కట్టే పద్ధతినిబట్టి అక్షరం. ముందు ట్రైలరుకు కొక్కెం తగిలించి, వెనకదాన్ని చిన్న చక్రాలబండిమీద ఆనించి ఒంటి నొగతో లాగితే ఏ. ముందు ట్రైలరు వెనకభాగానే ఫిఫ్త్ వీల్ పెట్టి, రెండోదాన్ని దానిమీదే కూర్చోబెడితే బి. అదే చిన్నబండికి జంటనొగలు పెడితే సి. రెండుంటే డబుల్, మూడుంటే ట్రిపుల్. "బి డబుల్" అనగానే బండి ఎన్నిచోట్ల వంగుతుందో, ఎక్కడ ఊగుతుందో తెలిసిపోతుంది. అమెరికావాడు ఇందుకు భిన్నం. ఒక జతకు "రాకీ మౌంటెన్ డబుల్" అనీ, మరో జతకు "టర్న్‌పైక్ డబుల్" అనీ కొండల పేర్లూ దారుల పేర్లూ పెట్టాడు. యూరపువాడు 25.25 మీటర్లని ఒక కొలత గీసుకుని దానిలో సర్దుకున్నాడు.

2025 ఆగస్టులో నాగపూరులో కేంద్రమంత్రి గడ్కరీగారు జెండా ఊపి పంపిన వోల్వో రోడ్డురైలు సరిగ్గా ఆ 25.25 మీటర్లదే. ముందు హార్సు, దాని వీపుమీద 24 అడుగుల మధ్య ట్రైలరు, దానిమీద కూర్చునే 44 అడుగుల సెమీ ట్రైలరు. అది నాగపూరునుంచి భివండీకి సరుకు మోస్తుంది. ఆస్ట్రేలియా లెక్కలో ఇది బి జాతిది. ఒక డ్రైవరు, ఒక ఇంజను, దాదాపు రెండు లారీల సరుకు. డీజిలు కలిసొస్తుంది, నిజమే. కాని ఎక్స్‌ప్రెస్ రోడ్డుమీద పోయే బండి మన కొత్తగూడ కూడలిలో మలుపు తిరగలేదు. ఔటర్ దాకా వచ్చి, అక్కడ ట్రైలర్లు విడదీసి, ఒక్కొక్కటిగా లోపలికి పంపవలసిందే. అందుకు ఔటర్ పొడవునా విశాలమైన ఖాళీ జాగాలు కావాలి. కండ్లకోయ దగ్గరా పటాన్‌చెరు దగ్గరా ఈనాటికీ లారీలు రోడ్డు పక్కనే నిద్రపోతున్నాయి. డ్రైవరు స్నానానికి నీళ్ళు లేవు. 25 మీటర్ల బండిని రోడ్డు పక్కన ఆపితే చీకట్లో వెనకనుంచి వచ్చే మోటారుసైకిలు కుర్రాడి గతి ఏమిటన్నది, బండి అనుమతి కాగితంలో రాయడానికి గడి లేదు.

నాగపూరునుంచి 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా మేడ్చల్‌కే వస్తుంది. ఆ బండి ఇటు వచ్చిన రోజున మన గుమాస్తాలు మధ్య ట్రైలరును రిజిస్టరులో ఏమని ఎక్కిస్తారో చూడాలని నాకు కుతూహలం. దానికి ముందూ సెమీ, వెనకా ఇంకొక సెమీని మోసే పని. మేడ్చల్ ధాబాలో కూర్చున్న డ్రైవర్లకు మాత్రం ఆలోచన అక్కరలేదు. టీ చల్లారేలోగా చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు లెక్కపెట్టి, పేరు పెట్టేస్తారు.